చేతి ఉత్తరం

అజైబా, మస్కట్
3 ఫిబ్రవరి 1989, శుక్రవారం

చెల్లెలు గురవమ్మకు,

నీ ఉత్తరం నిన్న అందింది. అప్పటి నుంచి చేతులు పనిలో ఉన్నా మనసు నా బిడ్డ రాజీ మోకాలి మీదే ఉంది. దానికి సైకిలు నేర్పమని ఎవరు చెప్పారు? హైస్కూలు నాలుగు మైళ్లని నాకూ తెలుసు. మనం చదివింది ఐదో తరగతే అయినా నడిచే పోయాం కదా. పదో తరగతి పరీక్షల ముందు పిల్లను సైకిలెక్కించి, పడేసి, ఇప్పుడు వాపు తగ్గలేదని రాస్తే నేను ఇక్కడి నుంచి ఏం చేయను?

పడి నెల దాటినా నొప్పి ఎందుకుంది? ఊరికే కూర్చున్నా సలుపుతోందని రాశావు. దెబ్బ లోపల గడ్డ కట్టి ఉంటుంది. నొప్పుల తైలం సీసా పంపుతున్నా. పొద్దునా సాయంత్రం గట్టిగా రుద్ది వేడినీళ్ల గుడ్డ వెయ్యి. అది అరుస్తుంది, వినొద్దు. నీకు దాని మీద జాలెక్కువ. తగ్గకపోతే మరిది గంగాధరాన్ని తోడు తీసుకుని ఎముకలు కట్టే వైద్యుడి దగ్గరికి పోండి.

ఈ ఉత్తరం, సీసా షఫీ అంగడిలో ఇస్తున్నా. షఫీది రాయచోటి. మా ఇంటి వెనక సందులోనే అంగడి. బల్ల కింద అట్టపెట్టె ఉంటుంది. లీవు మీద ఊరికి పోయేవాళ్లు అందులోని ఉత్తరాలు తీసుకుపోయి, బొంబాయిలో దిగగానే మన స్టాంపు అంటించి డబ్బాలో వేస్తారు, సీసాల్లాంటివైతే పార్సిలు చేస్తారు. ఇక్కడి పోస్టులో వేస్తే ఇరవై రోజులు. చేతి ఉత్తరమైతే పది, పన్నెండు రోజుల్లో నీ చేతిలో ఉంటుంది. ఇక్కడ మా అందరి నమ్మకం చేతి ఉత్తరమే.

మా ఇంట్లో కొత్త పని వచ్చింది. యజమానురాలు హుస్నా వాళ్ల నాన్నను ఖురియాత్ నుంచి తెచ్చుకుంది. అందరూ బాబా అంటారు, సముద్రంలో చేపలు పట్టి పెద్దయిన మనిషి. చక్కెర జబ్బుతో మోకాలి కింద కాలు తీసేశారు. ఆ తెగిన కాలు కడగడం, గుడ్డ చుట్టడం నా డ్యూటీ. మొదటిరోజు కడిగి బయటికొచ్చి వాంతి చేసుకున్నా. ఆయనకు నా పేరు నోరు తిరగదు. బెంచలా, బెంచలా అని కేకలేస్తాడు.

రాజీని బాగా చదవమను. సైకిలు అమ్మేయండి.

నీ అక్క,
పెంచలమ్మ

*

మద్రాసు, ఆసుపత్రి వరండా
12 మార్చి 1989

అక్కా,

ఇది కూర్చుని చదువు. నిలబడి చదవొద్దు.

నువ్వు పంపిన తైలం వారం రోజులు రుద్దాను. రాజీ నోట్లో గుడ్డ కుక్కుకుని ఓర్చుకుంది. తగ్గలేదని కట్టు కట్టించాం. పసరు పూసి, గుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. ఐదు రోజులకు విప్పితే మోకాలి పైన గుమ్మడి పిందంత ఉంది. కడప పోయాం. అక్కడ ఎక్స్‌రే తీసిన డాక్టరు మాతో ఏమీ చెప్పకుండా మీ మరిదిని లోపలికి పిలిచాడు. మీ మరిది బయటికొచ్చి, "రేపే మద్రాసు పోవాల. యాలని అడగొద్దు" అన్నాడు.

ఇక్కడ చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సరట అక్కా. ఎముకలో పుట్టే క్యాన్సరట. చాలా అరుదట, లక్షల్లో ఒకరికి వస్తుందట, అదీ రాజీ ఈడు పిల్లలకే ఎక్కువట. డాక్టరమ్మది నెల్లూరు, తెలుగులోనే చెప్పింది. సైకిలు మీద నుంచి పడినందుకు రాలేదంది. లోపల ముందే ఉన్నది, పడినప్పుడు బయటపడిందంది. "దీన్ని రుద్దమని చెప్పిందెవరు?" అని కోప్పడింది. నేను తల వంచుకున్నా. నీ పేరు చెప్పలేదు.

కాలు తొడ దాకా తీసేయాలట. తర్వాత సెలైనులో మందు ఎక్కిస్తారట. ఇప్పటికి ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయంది. నెల లోపల చేస్తే బతుకుతుందని ఆశ ఉందట. ఆలస్యమైతే ఊపిరితిత్తులకు పోతుందట, అక్కడికి పోతే ఇక తన చేతిలో లేదని చెప్పింది. సంతకం నేను పెట్టినా చాలట. కానీ బిడ్డ నీది.

రాజీ ఎదురుగానే చెప్పారు. పదహారేళ్లు వచ్చాయి, దాయకూడదట. అది "ఒంటికాలుతో సైకిలు తొక్కచ్చునా డాక్టరమ్మా?" అని అడిగింది. తొక్కేవాళ్లను చూశానని ఆమె చెప్పింది. "అయితే అమ్మకు రాయి చిన్నమ్మా, సైకిలు అమ్మొద్దని" అంది నాతో.

నీ మాట కోసం చూస్తుంటాను. తొందరగా రాయి.

గురవమ్మ

*

అజైబా
31 మార్చి 1989, శుక్రవారం

గురవమ్మా,

నీ ఉత్తరం మంగళవారం అందింది. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. హుస్నాకూ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం.

కాలు తీసేయడమంటే నీకేం తెలుసు? నాకు తెలుసు. రోజూ నా ఒళ్లో పెట్టుకుని కడుగుతున్నా. తెగిన మొద్దు మీద కుట్ల మచ్చలు, ఎర్రటి చర్మం, మొన్నటిదాకా చీము. అది కూడా ఏం కాదు. నిన్న ముసలి బాబా కాలి వేళ్లు దురద పెడుతున్నాయని ఏడ్చాడు. ఏ కాలు? తీసేసిన కాలు. లేని వేళ్లు దురద పెడతాయి చెల్లీ, అట్లాంటిది ఎక్కడైనా విన్నావా? నేను ఖాళీ దుప్పటి మీద, కాలు ఉండాల్సిన చోట గోళ్లతో గీకాను. అప్పుడు ఊరుకున్నాడు. తర్వాత సిగ్గుపడి అన్నం పళ్లెం నా మీదికి విసిరాడు. అంత పెద్ద మనిషి, అలలకు భయపడని మనిషి, దొడ్డికి పోవాలంటే నన్ను పిలవాలి. ఆయనకు కారుంది, డ్రైవరున్నాడు, కూతురుంది, పైగా నేనున్నా. నా బిడ్డకు ఎవరున్నారు? దాన్ని బావి దగ్గరికి ఎవరు ఎత్తుకుపోతారు? నువ్వెన్నాళ్లు ఎత్తుకుంటావు?

లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బు వెతుక్కుంటూ మన ఇంటికే వచ్చిందా? ఆయన పోయాక దాని కోసమే కదా నేను ఈ ఎడారిలో పడింది. ఆ డాక్టరమ్మ పొరబడి ఉంటుంది. ఇంకో చోట చూపించండి. ఆకు మందు ఇచ్చేవాళ్లున్నారు, అడగండి. తైలం మీదకు నెట్టొద్దు. పడేసింది సైకిలు.

ఒకటి గట్టిగా చెబుతున్నా విను. నా మాట వచ్చేదాకా బిడ్డ మీద కత్తి పెట్టనివ్వొద్దు. పెట్టనిచ్చావో, నువ్వు నాకు చెల్లెలివి కాదు. కన్నదాన్ని నేను. కననిదానికి కోయమని చెప్పడం సులువు.

ఈ ఉత్తరం కూడా చేతిలోనే పంపుతున్నా.

పెంచలమ్మ

*

ఊరి నుంచి
18 ఏప్రిల్ 1989

అక్కకు,

నీ చేతి ఉత్తరం పన్నెండు రోజుల్లో వచ్చింది. మంచి మాటైతే దారిలో ఎక్కడో ఆగేది.

కననిదానివని ఇదివరకు నోటితోనే అనేదానివి, ఇప్పుడు కాగితం మీద పెట్టావు. మంచిది. పోస్టుమాను రమణయ్య ఉత్తరం ఇచ్చినప్పుడు రాజీ పక్కనే ఉంది. నేను చదివేలోపు లాక్కుని తనే చదివింది. చదివి మడిచి నాకే ఇచ్చింది. "కాలు నాది, నొప్పి నాది. మధ్యలో అమ్మదేముండాది చిన్నమ్మా?" అంది. తర్వాత పొయ్యి దగ్గరికి పోయి తనే కాఫీ కాచుకుని తాగింది, గోడ పట్టుకుని కుంటుకుంటూ.

మద్రాసు నుంచి వచ్చేశాం. వచ్చేటప్పుడు డాక్టరమ్మ నా చేయి పట్టుకుని, మీరు ఈ నెలాఖరులోపు తిరిగి రాకపోతే నేను చేసేది తక్కువైపోతుందంది. నువ్వు చెప్పినట్టు ఆకు మందు వేయించాను. రెండు వాంతులయ్యాయి, అంతే. కాలు ఇప్పుడు నేల మీద ఆనడం లేదు.

నాకు పిల్లల్లేరు అక్కా. నీ బిడ్డను ఏడేళ్లుగా తల దువ్వి బడికి పంపింది నేనే అయినా, సంతకం పెట్టే చోట నా చేయి లేవడం లేదు. పెట్టి, బల్ల మీద ఏమన్నా అయితే నువ్వు జన్మలో నా మొహం చూడవు. మీ మరిది, "మీ అక్కకు భయపడి బిడ్డను చంపుతావా?" అని అరిచాడు. రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు.

ఒక్క మాట రాయి. సరే అని రెండక్షరాలు చాలు. అది అందిన రోజే రైలెక్కుతాం.

గురవమ్మ

*

అజైబా
12 మే 1989, శుక్రవారం

నా చెల్లెలు గురవమ్మకు,

సరే. సరే. సరే. మూడుసార్లు రాశాను, మళ్లీ మళ్లీ చూసుకో.

నీ ఉత్తరం ఆరో తేదీ అందింది, వీళ్ల రంజాన్ పండక్కి ముందురోజు. చదివి నీ మీద పళ్లు కొరుక్కున్నా. మర్నాడు జరిగింది చెబుతా విను. ముసలి బాబాకు పోయిన నెలే పెట్టుడు కాలు వచ్చింది. నెలంతా ఉపవాసం ఉంటూనే, ఇంటి వెనక గోడ పట్టుకుని నడక నేర్చాడు. పడ్డాడు, లేచాడు, నన్ను తిట్టాడు, మళ్లీ పడ్డాడు. పండగ పొద్దున తెల్ల దుస్తులు వేసుకుని, కర్ర పట్టుకుని, మసీదు దాకా నడిచిపోయాడు. కారు వద్దన్నాడు. సందులో అందరూ నిలబడి చూశారు. హుస్నా గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. తిరిగొచ్చి నన్ను పిలిచి, హల్వా తన వేళ్లతో తీసి నా చేతిలో పెట్టాడు. పెట్టుడు కాలు మీద తట్టి, చేతులతో చూపిస్తూ చెప్పాడు. ఇది చచ్చింది, నేను చావలేదు అని.

నేను అప్పటిదాకా తెగిన కాలునే చూశాను చెల్లీ. దాని పైన మనిషిని చూడలేదు.

తీసేయమను. తొడ దాకానైనా సరే. నా బిడ్డ ఉంటే చాలు. ఒంటికాలుతో సైకిలు తొక్కుతానందా? తొక్కమను. నేను వెనక పట్టుకుంటా. నువ్వు సంతకం పెట్టు. కన్నది, కననిది అని అన్నదాన్ని నేను, నా నోరు మంచిది కాదు. ఏడేళ్లు దాన్ని చూసుకున్నది నువ్వే. బల్ల మీద ఏం జరిగినా నిన్ను అడగను. ఇదే నా సంతకం అనుకో.

తంతి ఇద్దామని ఆలోచించాను. కానీ మన ఊరికి తంతి వచ్చిందంటే చావు కబురే కదా. మస్కట్ నుంచి తంతి అనగానే నువ్వు విప్పకముందే పడిపోతావు, బిడ్డ దడుచుకుంటుంది. అందుకే చేతి ఉత్తరం. మా వెనక వీధి బిల్డింగ్ పనిలో మల్లేశమని కరీంనగర్ దిక్కు మనిషి ఉన్నాడు. మంగళవారం విమానం ఎక్కుతున్నాడు. షఫీ అట్టపెట్టెలో వేయకుండా నేనే అతని చేతికిస్తున్నా. "బంబైల దిగంగనే డబ్బాల ఏస్త అక్కా, ఫికర్ చెయ్యకు. నీ బిడ్డంటే నా బిడ్డ" అన్నాడు. నమ్మకస్తుడు.

రాజీకి ముద్దులు. అమ్మకు కోపం వస్తుందని భయపడొద్దను.

నీ అక్క,
పెంచలమ్మ

*

ఊరి నుంచి
4 జూన్ 1989

అక్కకు,

నేను రాసి నెలన్నర అయింది. నీ దగ్గర నుంచి ఒక్క ముక్క లేదు. పాత ఉత్తరాలైతే పన్నెండు రోజుల్లో వచ్చేవి, తిట్లున్నవి కాబట్టి.

రాయకపోవడమే నీ జవాబు అనుకోమంటావా? చెల్లెలివి కాదన్న మాట మీదే నిలబడ్డావా? రోజూ పదకొండింటికి రమణయ్య వచ్చే దారి నేను చూస్తుంటే, అతనే మా గుమ్మం ముందు తల దించుకుని పోవడం మొదలుపెట్టాడు. నిన్న రాజీ అతన్ని పిలిచి, "రమణయ్య మామా, నువ్వే రాయరాదా ఒక ఉత్తరం, మా అమ్మ రాసినట్టు? సరే అని రాస్తే చాలు" అంది. అతను నవ్వాలో ఏడవాలో తెలియక సైకిలు తోసుకుంటూ పోయాడు.

వారం నుంచి దగ్గుతోంది. జలుబే అయి ఉంటుంది. కాలు గురించి రాయను. రాస్తే నువ్వు తట్టుకోలేవు, చూస్తున్న నేను తట్టుకోవాలి.

నేనే సంతకం పెట్టేస్తానని మొన్న చీర మార్చుకున్నా. సంచిలో నీ మార్చి నెల ఉత్తరం కనపడింది. మళ్లీ కూర్చుండిపోయా. నా పిరికితనం నాదే, నీ మీద నెట్టను. కానీ ఆ మాటలు రాసింది మాత్రం నువ్వే.

గురవమ్మ

*

అజైబా
9 జూన్ 1989, శుక్రవారం

చెల్లెలు గురవమ్మకు, నా బంగారు రాజీకి,

ఈపాటికి ఆపరేషన్ అయిపోయి ఉంటుంది. మల్లేశం వెళ్లి మూడు వారాలు దాటింది. లెక్కేసుకుంటే మీరు మే నెలాఖరుకు మద్రాసులో ఉండాలి. ఆసుపత్రిలో ఉండబట్టే ఉత్తరం రాయలేదనుకుంటున్నా. ఊరికి పోయేవాళ్లు దొరికేదాకా ఆగలేక ఈసారి పోస్టులోనే వేస్తున్నా.

గురవమ్మా, ఇవి నాకు చేసి చేసి తెలిసినవి, మర్చిపోకు. గాయం మీద నీళ్లు నిలవనీయొద్దు. మెత్తటి పాత గుడ్డతో అద్దాలి, తుడవకూడదు. కట్టు కింది నుంచి పైకి చుట్టాలి, బిగువుగా, కానీ వేలు దూరేంత వదులుండాలి. దిండు మీద అదేపనిగా ఎత్తి పెట్టొద్దు, అట్లాగే బిగుసుకుపోతుంది. రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టు. ఆసుపత్రి నర్సు బాబాకు ఇట్లాగే చేయించింది. లేని కాలు దురద పెడుతోందని అది చెబితే, పిచ్చి అనుకోవద్దు. ఖాళీ దుప్పటి మీద గీకు. నిజంగానే తగ్గుతుంది.

రాజీ, అమ్మ నీకు చంక కర్రలు చూసి పెట్టింది. ఇక్కడివి తేలిగ్గా ఉంటాయి, చెక్కవి కావు. ముసలి బాబా తన పాతవి నీకివ్వమని హుస్నాతో చెప్పాడు. నీ సంగతి ఇప్పుడు అందరికీ చెప్పాను. ఆయన నీ పేరు అడిగి నేర్చుకున్నాడు. నా పేరు రాలేదు కానీ నీ పేరు చక్కగా అన్నాడు. సెప్టెంబరులో నాకు లీవు ఇస్తామన్నారు. అప్పటికి నువ్వు కర్రలతో గడప దాటాలి. సైకిలు అమ్మలేదు కదా?

అమ్మ

*

అజైబా
24 జూన్ 1989, శనివారం

గురవమ్మా,

నిన్న బాబా సముద్రం చూడాలన్నాడు. ఖురియాత్‌కి తీసుకుపోయారు, నన్ను కూడా. పడవల మధ్య ఇసుకలో పెట్టుడు కాలు కూరుకుపోతుంటే, పాత స్నేహితులు చుట్టూ చేరి నవ్వుతుంటే, ఆయనా నవ్వుతూ నడిచాడు. నేను చేపల బుట్ట పట్టుకుని వెనక నడుస్తూ, రాజీ కూడా ఇట్లాగే అనుకుంటున్నా. అంత సంతోషంగా ఉన్నా చెల్లీ.

చేపల అంగళ్ల వెనక ఏదో బిల్డింగ్ కడుతున్నారు. నెత్తిన సిమెంటు బస్తా పెట్టుకుని ఒకడు వస్తున్నాడు. మల్లేశం.

"నువ్వు ఊర్లో కదా ఉండాల?" అన్నాను.

"లీవు యాడిదక్కా!" అని బస్తా దించాడు. "టికెట్ చేతిలకొచ్చినంక ఆపిండ్రు. స్లాబ్ ఏసినంక పో అని ఈ సైట్‌కు తోలిండ్రు. ఆరు వారాలాయె."

"నా ఉత్తరం?"

"ఏడికి పోతదక్కా? నా పెట్టెల, బట్టల నడుమ భద్రంగ ఉన్నది. ఇంకెవ్వల చేతికియ్యలె. నీకు మాటిచ్చిన గద."

నవ్వుతూ చెప్పాడు. మెచ్చుకుంటాననుకున్నాడు. చేతిలో బుట్ట పడిపోయింది. చేపలన్నీ ఇసుకలో పడ్డాయి. బాబా వెనక్కి తిరిగి కేకలేశాడు. మల్లేశానికి జరిగింది చెప్పాను. అతను అక్కడే సిమెంటులో కూలబడి తల కొట్టుకున్నాడు. "షఫీకైన తిరిగిచ్చేటోన్ని కదక్కా, నువ్వు చెప్తే. ఉత్తరంల ఏమున్నదో నాకేమెరుక?" నిజమే. నేను చెప్పలేదు. చింపి పారెయ్ అన్నాను.

ఈ పొద్దున హుస్నా నన్ను తంతి ఆఫీసుకు తీసుకుపోయి ఇంగ్లీషులో తనే రాసి ఇచ్చింది. దారిలో అడిగింది, మార్చిలోనే ఎందుకు చెప్పలేదు, ఇంట్లో టెలిఫోను ఉంది కదా, మీ దగ్గరి టౌనులో ఏ అంగడికో చేసి చెప్పించేవాళ్లం కదా అని. ఆ టెలిఫోను రోజూ నేనే తుడుస్తాను గురవమ్మా. దాన్ని నేను అడగచ్చని నాకు తోచలేదు.

తంతి మీకు ఈ ఉత్తరం కన్నా ముందే అందుతుంది. అందగానే పోండి. ఇప్పటికే పోయి ఉంటే, నా మాట వినకుండా సంతకం పెట్టేసి ఉంటే, నీ కాళ్లు మొక్కుతా. ఒక్కసారి నా మాట జవదాటి ఉండు చెల్లీ.

పెంచలమ్మ

*

మద్రాసు
8 జూలై 1989

అక్కకు,

జవదాటలేదు.

నీ తంతి సోమవారం వచ్చింది. రమణయ్య సైకిలు దిగకముందే ఏడుస్తున్నాడు. ఇంగ్లీషులో ఉంది, అతనికి ఊరి పేరు తప్ప చదవడం రాదు. మస్కట్ నుంచి తంతి అని వీధంతా పాకింది. ఆడవాళ్లొచ్చి నన్ను పట్టుకుని ఏడుపు ఎత్తుకున్నారు, పెంచలమ్మ పరదేశంలో పోయిందని. మీ మరిది హెడ్మాస్టరు కోసం పరిగెత్తాడు. ఆయన పొలంలో ఉన్నాడు. వచ్చేసరికి చాలాసేపు పట్టింది. అంతసేపూ రాజీ లోపల మంచం మీద నువ్వు చచ్చిపోయావనే అనుకుంది. ఏడవలేదు. "చదవొద్దండి, ఎవురూ చదవొద్దండి" అంటూ చెవులు మూసుకుంది.

వెంటనే ఆపరేషన్ చేయించండి, తల్లి ఒప్పుకుంది, అని హెడ్మాస్టరు చదివాడు. రాజీ నవ్వడం మొదలుపెట్టింది. "సావలేదా మా అమ్మ? ఇంత మాటకి ఇన్నాళ్లు ఆలోచన చేసిందా?" అని నవ్వి నవ్వి దగ్గింది. దగ్గుతో రక్తం పడింది.

మర్నాడే వచ్చాం. ఊపిరితిత్తుల ఫోటో వెలుతురుకు పెట్టి చూపించింది డాక్టరమ్మ. రెండు వైపులా గింజలు చల్లినట్టున్నాయి. ఇప్పుడు కాలు తీసినా లాభం లేదంది, నొప్పి తెలియకుండా మాత్రలిస్తానంది. "ఏప్రిల్లో రమ్మన్నాను కదమ్మా, ఏమయ్యారు?" అంది. మా అక్క ఉత్తరం కోసం చూశామన్నా. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

నీ జూన్ ఉత్తరం ఊరికి వస్తే మీ మరిది ఇక్కడికి తెచ్చాడు. గాయం ఎట్లా కడగాలో, కట్టు ఎట్లా చుట్టాలో రాశావు కదా, రాజీ గట్టిగా మొత్తం చదివింది. "చూడు చిన్నమ్మా, లేని గాయానికి అమ్మ ఎంత బాగా మందు చెప్పిందో" అంది. తర్వాత ఆ కాగితం దిండు కింద పెట్టుకుంది. ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు.

సెప్టెంబరు దాకా ఆగొద్దు. రాగలిగితే ఇప్పుడే రా.

గురవమ్మ

*

అజైబా
20 అక్టోబరు 1989, శుక్రవారం

గురవమ్మా,

నీ తంతి సెప్టెంబరు పన్నెండో తేదీ వచ్చింది. తంతి అంటే చావు కబురే అని నేను రాశాను కదా, ఈసారి అది తప్పు కాలేదు. నా టికెట్ పదిహేనుకు. జూలైలోనే పంపమని ఎంత ఏడ్చినా, నా బదులు మనిషి వచ్చేదాకా బాబాను ఎవరు చూస్తారన్నారు. నా పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉంది. మూడు రోజుల కోసం నా బిడ్డ ఆగలేకపోయింది. నా మాట కోసం మాత్రం నాలుగు నెలలు ఆగింది.

టికెట్ హుస్నాకు తిరిగి ఇచ్చేశాను. తను ఏడ్చి, పొమ్మని బతిమాలింది. ఎవరి కోసం పోను? కొత్తగా వచ్చిన పిల్లను వేరే ఇంటికి పంపేశారు.

దినాలు అయిన మర్నాడు ఒక ఉత్తరం వచ్చిందని, బొంబాయి ముద్ర ఉందని, నా చేతి రాత చూసి విప్పకుండా పెట్టానని రాశావు. అది మే నెలది. మల్లేశానికి పోయిన నెలలో లీవు ఇచ్చారట. చింపి పారెయ్ అన్నా చింపలేదు. దిగగానే డబ్బాలో వేశాడు. మాటిచ్చాడు కదా. అతన్ని ఏమీ అనుకోవద్దు. మనందరిలో మాట నిలబెట్టుకున్నది అతనొక్కడే.

ఏం చేయమంటావని అడిగావు. విప్పు. రాజీ మంచం ఉన్న చోట నిలబడి గట్టిగా చదువు. మొదటి లైను మూడుసార్లు రాశాను, మూడుసార్లూ చదువు. నీ గురించి కూడా ఉంది అందులో, మంచిగానే రాశాను. అప్పుడు రాసినవి నిజం. ఇప్పుడు రాయలేను. మార్చిలో కత్తి పెట్టొద్దని నేను రాసింది నిజమే, నువ్వు నా మాట విన్నదీ నిజమే. ఒక్కసారి నా మాట కాలదన్నే ధైర్యం నీకు లేకపోయిందని నీ మీద కోపం. ఆ ధైర్యాన్ని చంపింది నేనే అని నా మీద అంతకన్నా కోపం. ఇది పోదు. నేను అడిగేదాకా ఉత్తరం రాయొద్దు.

సైకిలు రమణయ్యకు ఇచ్చేయి. ఊరికే ఇవ్వు.

రోజూ పొద్దున ఏడింటికి బాబా బెంచలా అని పిలుస్తాడు. పెట్టుడు కాలు విప్పి, మొద్దు కాలు నా ఒళ్లో పెడతాడు. వేడినీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, పౌడరు వేస్తాను. ఇప్పుడు దురద లేదంటాడు. గాయం బాగా మానింది గురవమ్మా. ఎక్కడా వాపు లేదు.

రాజీ అమ్మ